అహతవస్త్రము, ఛిన్నచీవరము

ప్రాచీనుల వేషమును గూర్చి వ్రాయువారు తఱుచుగా నొక సోపానక్రమమును జూపుచుందురు. మానవుఁడు తొలుత నారలును తోళ్లును గప్పుకొనెను. పిదప నేఁత నేర్చి వలువను జుట్టుకొనెను. తుదకు సూదిని గనుఁగొని, బట్టను గత్తిరించి కుట్టుకొని నాగరకుఁడయ్యెను. ఇదియే యా క్రమము. దీనిని మన దేశమున కన్వయించి, పూర్వహిందువులు కుట్టుపని యెఱుఁగరనియు, అంగీ, షరాయి మున్నగునవి తురుష్కులతోడనే యీ నేలకు వచ్చినవనియు నొక వర్గమువారు చెప్పుదురు. ఈ మాటకు మనసు నొచ్చిన మఱియొక వర్గమువారు ఋగ్వేదమునుండి ద్రాపి, అత్కము అను పదములను దెచ్చి, ఋషులు కోటులు తొడిగిరని ప్రతివాదము చేయుదురు. వాదము బాగుగనే సాగుచున్నది. కాని కుట్టిన బట్ట గొప్పది, కుట్టని బట్ట దానికంటెఁ దక్కువది యను నొక లెక్కను ఇరుపక్షములవారును మాఱుమాట లేక యంగీకరించియే వాదమునకుఁ గడంగుచున్నారు. విచారింపవలసినది ఆ లెక్క.

ప్రాచీనజాతులలో ననేకములు సూదిని బాగుగ నెఱిఁగియు బట్టను గోయక కట్టుకొన్నవి. కోసినచోట నొక యర్థమును బట్టియే కోసినవి. ఇది సామర్థ్యమునకు సంబంధించిన విషయము కాదు, సంకేతమునకు సంబంధించినది. ఈ భేదమును గుర్తింపనిచో మన బ్రాహ్మణగ్రంథములలోని దీక్షావస్త్రమును గాని, బౌద్ధుల చీవరమును గాని, కడకు మన యింటి పెండ్లిపీటలమీఁది కొంగుముడిని గాని సరిగా వ్యాఖ్యానింపలేము.

ముందుగా సూదియొక్క ప్రాచీనత నించుక చూతము. సైబీరియాలోని గుహలలో దొరికిన, బెజ్జముగల యెముకసూదులు 40,000 ఏండ్లకుఁ బైఁబడినవని పురావస్తుశోధకులు నిర్ణయించినారు. నాగలికిని మగ్గమునకును గూడ ముందటి మాట యిది. తోళ్లను గుట్టుకొనుట నేఁతకంటెఁ బ్రాఁతది. కాఁబట్టి చుట్టుబట్ట ముందు, కుట్టుబట్ట వెనుక యను క్రమము మొదటి మెట్టుననే చెడుచున్నది.

ఐగుప్తదేశపు సాక్ష్యము మఱింత స్పష్టము. 1912–13 సంవత్సరములలో ఫ్లిండర్స్ పెట్రీ యనువారు ఆ దేశమున తార్ఖాన్ అనుచోట సమాధులను త్రవ్వించిరి. అందు దొరికిన మాసిన నారబట్టల కుప్ప యొకటి లండనుకుఁ జేరి, యెవ్వరును విప్పి చూడకయే పడియుండెను. 1977లో దానిని శుభ్రపఱచునపుడు అందొక కుట్టిన యంగీ బయల్పడినది. మెడ కోణాకారముగ విడిచి, చేతులకును మూఁపులకును సన్నని మడతలు దీర్చి కుట్టిన యంగీ యది. 2016లో వెలువరించిన పరీక్షాఫలములనుబట్టి దాని కాలము క్రీ.పూ. 3482–3102 సంవత్సరముల నడుమ నని తేలినది. మోచేతులయొద్దను చంకలయొద్దను బడిన ముడుతలు, అది శవమునకుఁ గప్పుటకై చేసినది కాదనియు, ఒకరు తొడిగి తిరిగినదే యనియు దెలుపుచున్నవి. అటు పిమ్మట రెండువేల యేండ్లకుఁ బైగా ఆ దేశపు గోడచిత్రములలోను శిల్పములలోను రాజులు, అధికారులు నడుమునకుఁ జుట్టిన తెల్లని బట్టతోనే కనఁబడుదురు. చిత్రములను మాత్రమే చూచినవాఁడు ఆ జాతికిఁ గుట్టు తెలియదనును. తెలియకపోవుట కాదు, కుట్టిన యంగీ యింటిలో నుండెను, చుట్టిన వలువ పటమున కెక్కెను.

ఇచట నొక సూక్ష్మభేదమును మఱువరాదు. ఛేదనము వేఱు, సీవనము వేఱు. మధ్యాసియాలో తుర్ఫాను సమీపమున యాంగ్‌హాయ్ శ్మశానములో దొరికిన ఉన్ని షరాయిలు మూఁడువేల యేండ్ల నాఁటివి. గుఱ్ఱపు సవారికొఱకు వానిని గుట్టిరి. కాని కత్తెర తగులనీయలేదు. కాళ్ల భాగములను, నడిమి భాగమును వేర్వేఱుగా కొలఁతకు నేసి, పిదప కలిపి కుట్టినారు. రోమకుల టోగా యనెడి యర్ధచంద్రాకారపు ఉన్నివస్త్రము సైతము మగ్గముమీఁదనే యా రూపమున నేయఁబడెడిది. కోఁతకు వెనుదీయుట ఒక్క మన దేశపు లక్షణము కాదన్నమాట.

ఇఁక వైదికవాఙ్మయమునకు వత్తము. ఋగ్వేదము రెండవమండలములో రాకాదేవి తెగని సూదితోఁ గుట్టుపని చేయునట్లు ప్రార్థింపఁబడినది. దీనితో ఋషులకు సూది తెలియునను విషయము తీఱిపోయినది. ద్రాపిని, అత్కమును బట్టి తగవులాడ నక్కఱయే లేదు. వరుణుని బంగరుద్రాపిని సాయణులు కవచమని వివరించిరి. ఆ యొక్క పదమునుండి కోటును సృష్టించుట వ్యాఖ్యాన మనిపించుకొనదు.

సూది నెఱిఁగిన యా సమాజమే యజ్ఞదీక్షలో యజమానునకు విధించిన వస్త్ర మెట్టిది? అహతము. అనఁగా కొత్తది, ఉదుకనిది, మగ్గమునుండి వచ్చినది వచ్చినట్లున్నది. శతపథబ్రాహ్మణము మూఁడవకాండమున దీనికొక చక్కని కథ చెప్పఁబడినది. నేఁడు గోవునకున్న చర్మము తొల్లి మనుష్యునిదఁట. లోకమంతటిని భరించునది గోవు గదా, వానకును చలికిని ఎండకును అది యోర్చుకొనవలెనని దేవతలు మానవుని చర్మమును ఒలిచి దానికిఁ గప్పిరి. అందుచేతనే గడ్డిపోచ కోసినను మానవుని యొడలు నెత్తురు గాఱును. ఒలువఁబడిన యా చర్మమునకు బదులుగా దేవతలు వానికి వస్త్రము నిచ్చిరి. కాఁబట్టియే మనుష్యుఁడు తప్ప నేప్రాణియు బట్ట కట్టదు. గోవు సమీపమున దిగంబరుఁడై నిలువరాదనియు, తన చర్మమును మరల లాగుకొనునేమో యని యది భయపడి పరుగెత్తుననియు నా బ్రాహ్మణము ముగించును. కథలోని చమత్కార మటుండఁగా, అందలి సిద్ధాంతము గమనింపఁదగినది: వస్త్రము అలంకారము కాదు, చర్మము. చర్మము నిండుగా నుండవలెను. చినిఁగిన చర్మము గాయము.

మన యాంధ్రదేశమున వ్యాప్తిలోనున్న తైత్తిరీయశాఖ యీ భావమునే వేఱొక రీతిని జెప్పుచున్నది. తైత్తిరీయసంహిత ఆఱవకాండారంభమున వస్త్రములోని యొక్కొక్క భాగము నొక్కొక్క దేవత కప్పగింపఁబడినది. పడుగు ఆదిత్యులది, పేక విశ్వేదేవులది, నీవి పితరులది, అల్లికకొస యోషధులది, నేఁతలోని సందులు నక్షత్రములవి; అగ్నికిని వాయువునకును సైతము భాగములు గలవు. కావున వస్త్రము సర్వదేవతాత్మకము. ఇట్టిదానిని కత్తిరించినచో ఏ దేవత భాగము తెగిపడునో చెప్పఁజాలము. ఈ తుదివాక్యము సంహితలోనిది కాదు, నా యూహ. కాని పడుగుపేకల నింత నిశితముగఁ జూచిన ఋషికి కత్తెరయెడల నుదాసీనత యుండు నని నేను నమ్మఁజాలను.

మన నిఘంటుకారులును వ్యాకర్తలును మగ్గము విడిచిన కొత్తబట్టను ఎంత యాదరముతోఁ జూచిరో గమనింపుఁడు. అనాహతము, నిష్ప్రవాణి, తంత్రకము అని దానికి అమరసింహుఁడు ప్రత్యేకముగఁ బేళ్లు సేకరించెను. పాణిని అంతకు పూర్వమే తంత్రకమను రూపమునకై ఐదవయధ్యాయమున నొక సూత్రము నిర్మించి, మగ్గమునుండి యపుడే తీసినదను నర్థమును విధించెను. నిష్ప్రవాణియందు సమాసాంతమైన కప్ప్రత్యయము రాకుండుటకు వేఱొక సూత్రమును జేసెను. ప్రవాణి యనఁగా సాలెవాని కండె. కండెను విడిచి వచ్చినది నిష్ప్రవాణి. లోకములో లేని వస్తువునకు సూత్రకారుఁడు రెండు సూత్రములు వ్యయపఱచువాఁడు కాఁడు. పాఠశాలలలో నీ మూఁటికిని ‘కొత్తబట్ట’ యని యొక్క ముక్కలో నర్థము చెప్పి సాగిపోవుచున్నాము. కొలఁతకుఁ గుట్టించి తెచ్చిన కొత్తచొక్కాయి నిష్ప్రవాణి కాదని చెప్పనిచో, విద్యార్థికి ఆ పద మేల పుట్టెనో తెలియదు.

నిండుబట్టకుఁ బ్రాణము దాని యంచున నుండును. సంస్కృతమున అంచునూళ్లకు దశలని పేరు. స్త్రీలింగమున, బహువచనమున మాత్రమే యా పద మీ యర్థమునఁ జెల్లునని యమరము. దశ యనఁగా దీపపు వత్తియు నగును, మనుష్యుని యవస్థయు నగును. ఈ మూఁడర్థములతో కవులు శ్లేష లల్లుట మన మెఱిఁగినదే. కాని అంచును మనుష్యునితో నొకటిగాఁ జూచుట మన కవుల సొత్తు మాత్రము కాదు. యూఫ్రటీసు నదీతీరమున మారీ యను నగరము క్రీ.పూ. 18వ శతాబ్దిలో నాశనమయ్యెను. దాని శిథిలములలో దొరికిన మట్టిపలకల లేఖలలో నొక వింత గలదు. దేవతావేశమున నెవరేని పలికిన వాక్యమును రాజగు జిమ్రీలిమునకు వ్రాసి పంపునపుడు, అధికారులు ఆ పలికినవారి తలవెండ్రుకలను, బట్టయంచును గూడ కోసి యుత్తరముతోఁ బంపుచుండిరి. రాజసభలోని శకునజ్ఞులు వానిని బట్టి యా పలుకు నిజమో కాదో పరీక్షించెడివారు. మనిషి రాకున్నను వాని యంచు వచ్చినఁ జాలును. బాబిలోను ప్రాంతమున ముద్రిక లేనివాఁడు తన బట్టయంచును పచ్చిమట్టిమీఁద నొక్కి పత్రమునకు సమ్మతి దెలిపెడివాఁడు. భార్యను విడిచినవాఁ డామె బట్టచెఱఁగును గోయుట విడాకులకు గుర్తు. యూదుల గ్రంథములో దావీదు గుహలో సౌలురాజు వస్త్రపుఁజెంగును రహస్యముగఁ గోసి, పిదప రాజునే గాయపఱచినట్లు పశ్చాత్తాపపడెను. ఈ ఘట్టమును జదివిన మన పాఠకుఁడు గుడ్డపేలికకై యింత బాధ యేల యని యాశ్చర్యపడవచ్చును. అంచు రాజ్యమునకు బదులు నిలుచునది.

మనయింట కొత్తబట్ట కట్టుకొనుటకు ముందు చెఱఁగులకు పసుపు పెట్టుదురు. బట్ట నడుమ నెవ్వరును పెట్టరు. వధూవరుల కొంగులు ముడివేయుదురు. కుమారసంభవము ఐదవసర్గలో మాఱువేషమున వచ్చిన శివుఁడు పార్వతిని వెక్కిరించునపుడు ఈ ముడినే తలపెట్టినాఁడు: హంసల గుర్తులున్న పెండ్లికూఁతురి పట్టుబట్టకును, నెత్తురు కాఱుచున్న ఏనుఁగుతోలునకును పొత్తు కుదురునా యని. ఆక్షేపణము రూపమునుగూర్చియో వయస్సునుగూర్చియో మాత్రమే కాక, రెండు వస్త్రములయొక్క కలయికను గూర్చి చేయుటలోఁ గవి చూపిన యౌచిత్యమును ఈ పూర్వాచార మెఱిఁగినవాఁడే గ్రహించును.

వస్త్రము నీ విధముగ సంకేతముగాఁ జూచుటకుఁ బరాకాష్ఠ మన యజ్ఞోపవీతము. తైత్తిరీయారణ్యకము అజినమును గాని వస్త్రమును గాని యెడమమూఁపుమీఁదుగ కుడిచేతిక్రిందికి ధరింపవలెనని చెప్పును. దేవకార్యమున నట్లు, పితృకార్యమున దానికి విపర్యయము. ధరించు తీరులోనే యర్థమున్నది. ఆపస్తంబుఁడు ధర్మసూత్రములలో ఉత్తరీయమునకు బదులుగ ఉపవీతార్థమై సూత్రమును మాత్రమే ధరింపవచ్చు నని వికల్పము చెప్పెను. బట్ట పోయి దారము మిగిలినది. కోయరాని వస్త్రము ఒక్క నూలుపోగుగా సన్నగిల్లియు తన యర్థమును గోలుపోలేదు.

ఇంతవఱకు నిండుబట్టను గూర్చి చెప్పితిని. ఇఁక దానికి నేరుగా నెదురు నిలిచిన బట్టను జూడవలెను. వినయపిటకము మహావగ్గములో చీవరమును గూర్చిన ఖంధకమున నొక యుదంతము గలదు. రాజగృహమునుండి దక్షిణగిరికిఁ బోవుచు బుద్ధభగవానుఁడు మగధదేశపు వరిపొలములను జూచెను. గట్లతో, అడ్డుగట్లతో, చతురస్రములుగ విభజింపఁబడియున్న యా మళ్లను ఆనందునకుఁ జూపి, భిక్షువుల చీవరముల నిట్లు కూర్పఁగలవా యని యడిగెను. ఆనందుఁ డట్లే కూర్చెను. అది మొదలు సంఘాటి, ఉత్తరాసంగము, అంతరవాసకము అను మూఁడు వస్త్రములును తునుకలుగఁ గోసి కుట్టవలసినవయ్యెను. ఇట్లు కోయుటకుఁ గారణమును వినయమే చెప్పినది: కోసిన బట్ట కత్తివ్రేటుచే మొరటైనది, శ్రమణులకుఁ దగినది, శత్రువు లాశింపనిది.

దీక్షితుని బట్టయు భిక్షువు బట్టయు నొకే భూభాగమున, కొలఁది శతాబ్దుల యెడముతో వెలసినవి. ఒకచో కోఁత నిషిద్ధము, రెండవచో విధి. బుద్ధుఁడు సోపానమున నొక మెట్టు పైకెక్కి కుట్టును గనిపెట్టినాఁడని చెప్పినచో నవ్వులపాలగుదుము. నిండుబట్టకు విలువ యున్నదని యెఱిఁగిన సమాజముననే, ఆ విలువను దీసివేయుటకై బట్టను గోసినారు. గృహస్థుఁడు మేలైన నిండుబట్టను దానము చేయును. సంఘ మా బట్టను దునుకలు చేసి, కాషాయముననద్ది, లోకమున దానికి వెల లేకుండఁ జేయును. కఠినోత్సవమున నీ పని యంతయు, కోఁత, కుట్టు, రంగు, ఒక్కదినముననే ముగింపవలెను. అహతవస్త్రముయొక్క యర్థము తెలిసినవానికే ఛిన్నచీవరముయొక్క త్యాగము బోధపడును. ఒకదానిని విడిచి రెండవదానిని వ్యాఖ్యానించిన గ్రంథములలో చీవరము కేవలము పేదఱికపు గుర్తుగా మిగులుచున్నది. పేదఱికమే యుద్దేశమైనచో పాఁతనిండుబట్ట చాలియుండెడిది.

ప్రసంగవశమున నొక మాట. సంస్కృతమున చీరమనఁగా నారబట్ట, చింకిపేలిక. వాల్మీకి యయోధ్యాకాండమున కైక యిచ్చిన చీరమును ఎట్లు కట్టుకొనవలెనో తెలియక సీత యొకదానిని మెడపైఁ బెట్టుకొని, మఱియొకదానిని జేతఁ బట్టుకొని సిగ్గుపడి నిలుచును. రాముఁడు దానిని ఆమె పట్టుబట్టమీఁదనే కట్టును. తెలుఁగున నదే పదము ‘చీర’ యై స్త్రీల కట్టుబట్టలలో మేలైనదానికిఁ బేరైనది. మన కవులు ‘నారచీర’ యని విశేషణము చేర్చుకొనవలసి వచ్చినది. మాట లెంత దూరము ప్రయాణము చేయునో దీనిచేఁ దెలియును.

పూర్వపక్షుల ముఖ్యసాక్షి చీనాయాత్రికుఁడు హ్యూన్‌త్సాంగు. హిందువుల బట్టలకు కత్తిరింపులేదని యతఁడు వ్రాసిన మాట నిజమే. కాని చలిగల యుత్తరప్రాంతములలో నొడలికి బిగువైన దుస్తులున్నవనియు నతఁడే వ్రాసెను. ఆ ముక్కను మనవారు విడిచిపెట్టుదురు. మఱియు నా హర్షుని కొలువులోని బాణుఁడు హర్షచరితము ఏడవ యుచ్ఛ్వాసమున దండయాత్రకుఁ గూడిన సామంతరాజులను వర్ణించుచు కంచుకము, వారబాణము, చీనచోలకము, కూర్పాసకము అని కుట్టుదుస్తుల పట్టికనే యిచ్చినాఁడు. ఇరువురు సమకాలికులలో నొకఁ డబద్ధమాడెనా? అక్కఱలేదు. ఆ యుచ్ఛ్వాసముననే, ప్రయాణమునకు ముందు శివుని బూజించిన హర్షుఁడు ధరించినవి రాజహంసల జంటలు గుర్తుగాఁగల రెండు దుకూలములు. గుఱ్ఱమెక్కినవారికి కంచుకము, పూజచేసినవానికి దుకూలము. తురుష్కుల రాకకు నైదాఱు శతాబ్దులకు ముందే యీ విభాగము స్థిరపడియున్నది. నేఁటికిని కచ్చేరికి కోటు తొడిగి పోవువాఁడు తద్దినమునాఁడు పంచె కట్టుకొని, యుత్తరీయము వేసికొనుట యా విభాగముయొక్క శేషమే కాని, పరజాతిద్వేషముచేఁ బుట్టిన మడి కాదు.

ఈ సందర్భమున మన వ్యాఖ్యాతల యొక యలవాటును విమర్శింపక తప్పదు. కంచుకమన్న చోటనెల్ల ‘ఱవిక’ యని యర్థము వ్రాయుచున్నారు. నాటకములలోని కంచుకి ముదుసలి బ్రాహ్మణుఁడు. అతఁడు ఱవిక తొడిగెనా? పాము విడిచిన కుబుసమును గంచుకమే. అమరుఁడు కంచుకమును వారబాణముతోఁ గలిపి క్షత్రియవర్గమునఁ జదివెను. చోలమును కూర్పాసకమును వేఱుగ మనుష్యవర్గమునఁ జదివెను. ఈ కూర్పాసమే మన ‘కుప్పసము’. ఇంత స్పష్టమైన విభాగమును జెఱిపి యన్నిటికి నొక్క ఱవికనే తొడుగుట, పూర్వులకుఁ గుట్టు తెలియదను వాదమునకు మనమే తోడ్పడుట.

పాశ్చాత్యులలోను నిట్టి విభాగమే యుండెడిది. రోమకునకు టోగా పౌరత్వము. దేశబహిష్కృతునకు దానిని ధరించు నధికారము లేదు. ఊదాయంచుగల టోగా అధికారులకును బాలురకును జెల్లెడిది. అచటను నర్థము అంచుననే యున్నది. అగస్టసు చక్రవర్తి టోగా లేక ఫోరమున నెవ్వరును నిలువరాదని యుత్తరు విచ్చెను. షరాయి యననో, బర్బరుల గుర్తు. అయినను సైనికులు దానిని మరగిరి; క్రీ.శ. నాల్గవ శతాబ్దాంతమున రోమునగరములో షరాయి తొడుగరాదని శాసనము చేయవలసివచ్చెను. శాసనము చేయవలసివచ్చెనన్న, అప్పటికే యెందఱో తొడుగుచుండిరన్నమాట.

మన దేశమున నట్టి శాసన మవసరము కాలేదు. మథుర సమీపమున మాట్ అనుచోట 1911లో దొరికిన, తలలేని కనిష్కుని ప్రతిమ పొడవైన కోటుతో, బరువైన పాదరక్షలతో నిలిచియున్నది. గుప్తరాజులు సైతము తొలినాణెములపై ఆ కుషానుల వేషముననే తమ్ముఁ జిత్రింపించుకొనిరి. వరాహమిహిరుఁడు సూర్యునకు ఉదీచ్యవేషమును విధించెను. ఉత్తరాదిని సూర్యుఁడు మోకాళ్లదాఁక పాదరక్షలు తొడిగి నిలుచును. దక్షిణాదికి వచ్చునప్పటికి వట్టికాళ్లతో, పంచెతో మనవాఁడైపోవును. తర్కించి త్రోసివేయుట లేదు. దేవునిచేత మెల్లగ బట్ట మార్పించుటయే.

తెలుఁగునేలమీఁది సాక్ష్యము నీ దృష్టితోఁ జూడవలసి యున్నది. నాగార్జునకొండ శిల్పములలో అంగీయు షరాయియుఁ దొడిగి, యీటె పట్టిన గడ్డపు శకభటుఁ డొకఁడు కలఁడు. ఇక్ష్వాకుల శిల్పి యా దుస్తుల కుట్టును జక్కఁగ నెఱిఁగినవాఁడు. అట్టి శిల్పియే, అతనికి ముందు అమరావతి శిల్పియు, బుద్ధుని చీవరమును జెక్కునపుడు ఆనందుఁడు కూర్చిన వరిమళ్ల యతుకులను జూపలేదు. కుడిమూఁపు విడిచి, ఎడమ ముంజేతిమీఁదుగ జాఱిన యొక్క నిండు వలువను జెక్కి, సన్నని ముడుతలను గీతలుగ దీర్చి, పాదములయొద్ద దాని యంచును త్రాడువలె లావుగ, బరువుగ మలచినాఁడు. వినయము కోయుమన్న బట్టను శిల్పి మరల నిండుబట్టను జేసి, దానికి దశ నిచ్చినాఁడు. ఆ లావైన యంచును గళాచరిత్రకారు లమరావతి శైలికి గుర్తుగఁ జెప్పుచున్నారు. శైలి యని యూరకుండిరి గాని, అది యెక్కడినుండి వచ్చినదో యడిగినవారు తక్కువ.